మంగళగిరిలో ‘గారు’ మాయమైన రోజు

మా విశాఖపట్నంలో నా మాట ఎవరూ నమ్మరు. బయట వర్షం పడుతోందని చెబితే కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుంటారు. తప్పు వాళ్ళది కాదు. ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు, కాస్త పోపు పెడితే తప్ప వడ్డించలేను. ఈ విజయవాడ ప్రయాణం గురించి రాసేటప్పుడు మాత్రం ఎక్కడ పోపు పెట్టానో అక్కడే ఒప్పేసుకుంటాను. పెట్టని చోట మీరు నమ్మకపోతే నేనేం చెయ్యలేను.

ఇంతకీ నేనెందుకు వెళ్ళానంటే, నా ఉద్యోగమే అది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి కొత్త పనిముట్లు నేర్పుతాను. ఈసారి నేర్పాల్సిన పనిముట్టు కాస్త విచిత్రమైనది. దాంట్లో ప్రోగ్రాం రాయక్కర్లేదు, బొమ్మ గీస్తే చాలు. డబ్బాలు గీసి, వాటిని గీతలతో కలిపి, ‘తయారుచెయ్యి’ అన్న బటను నొక్కితే ఆ బొమ్మని బట్టి ప్రోగ్రామంతా అదే రాసిపెడుతుంది. ఆ బొమ్మని మోడల్ అంటారు. ఇల్లు కట్టాక వంటగది పెద్దది కావాలనుకున్నారనుకోండి. గోడ పగలగొట్టకుండా ప్లాను కాగితం మీద గీత జరిపితే, గోడే జరిగి నిలబడిందనుకోండి. అలాంటిదన్నమాట. ఇందులో పోపు లేదు, నిజంగా అంతే.

విజయవాడ

మే నెలలో విజయవాడ వెళ్ళమంటే మా ఇంట్లో నాకు వీడ్కోలు కాస్త గట్టిగానే చెప్పారు. స్టేషన్లో దిగి, చేతిలో ఉన్న నీళ్ళ సీసా మూత తీసేసరికి అందులోంచి ఆవిరి వచ్చింది. (పోపు. కానీ కొంచెమే.) మాకు సముద్రపు గాలి చెమట పట్టిస్తుంది. ఇక్కడి గాలి పట్టిన చెమటని కూడా ఎత్తుకుపోతుంది.

ఆఫీసుకి పోయేముందు ఇడ్లీ తిన్నాను. ప్లేటు యాభై రూపాయలు. మా ఊళ్ళో అయితే ‘ఇంతా’ అని దెబ్బలాడేదాన్ని. ఇక్కడ ఇడ్లీ మీద కారప్పొడి జల్లి, ఆ కారప్పొడి మునిగేలా నెయ్యి పోశాక ఇంక ఏం దెబ్బలాడతాం? వడ్డించేవాడు నా మొహం చూసి, “ఊరికి కొత్తాండీ? అల్లం పచ్చడితో మొదలెట్టండి, కారం జోలికి మెల్లగా పోదురుగాని” అన్నాడు. అభిమానం అడ్డొచ్చి కారంతోనే మొదలెట్టాను. తరవాత ఆ రోజంతా ప్రోగ్రామర్లు నా కళ్ళలో నీళ్ళు చూసి, పాఠం మీద నాకున్న భక్తి అనుకున్నారు.

ఆఫీసు బెంజి సర్కిల్ దగ్గర ఒక మేడ మీద. చిన్న జట్టు. దానికి పెద్ద షాహీన్. ముప్పై అయిదు దాటని మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. వీళ్ళు మంగళగిరిలోని ఒక చేనేత సంఘానికి ప్రోగ్రాం తయారుచేస్తున్నారు. ఏ నేతగాడికి ఎంత నూలు ఇచ్చారు, ఎన్ని చీరలు తిరిగొచ్చాయి, కొట్లో ఎన్ని ఉన్నాయి, ఇదంతా తెర మీద చూపించాలి. శుక్రవారం సంఘం ప్రెసిడెంటుగారికి చూపించాలి. దాన్ని నా బొమ్మల పనిముట్టుతో చెయ్యాలని హైదరాబాదులోని వాళ్ళ బాసు పట్టు.

మొదటి పూటే బోర్డు మీద మూడు డబ్బాలు గీసేశాను. నేతగాడు, నూలు, చీర. గీతలు కలిపాను. బటను నొక్కాను. ప్రోగ్రాం వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఒక్క సుధీర్ తప్ప.

సుధీర్ ఆ జట్టులో అందరికంటే వేగంగా ప్రోగ్రాం రాసేవాడు. వాడు కీబోర్డు మీద చేతులు పెడితే పక్కవాళ్ళ టీ కప్పులు కదిలేవి.

“బొమ్మలు మా చెల్లెలు గీస్తుంది మేడమ్, వాకిట్లో” అన్నాడు. “మేం చదివింది ఇంజనీరింగు కదండీ.”

“నువ్వు గీస్తే మీ చెల్లెలికి పోటీ వస్తావని భయమా?” అన్నాను. జట్టంతా నవ్వింది. వాడు కూడా నవ్వాడు, కానీ పళ్ళు కనపడలేదు.

అప్పుడు అసలు సూత్రం చెప్పాను. “పనిముట్టు రాసిన ప్రోగ్రాం జోలికి ఎవరూ వెళ్ళొద్దు. చేత్తో ఒక్క అక్షరం దిద్దొద్దు. మార్చాలంటే బొమ్మే మార్చండి. ఎందుకంటే మళ్ళీ బటను నొక్కినప్పుడు అది బొమ్మని మాత్రమే చూసి మొత్తం మళ్ళీ రాస్తుంది. మీరు చేత్తో దిద్దినవన్నీ ఎగిరిపోతాయి.”

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాకు ఆగడం తెలియదుగా! మా ఊరి పోర్టులో ఒకడు ఇలాగే చేత్తో దిద్దాడనీ, మర్నాడు ఎవరో బటను నొక్కితే పెద్ద క్రేను బొగ్గుకి బదులు మేనేజరుగారి స్కూటరుని ఎత్తి ఓడలో పెట్టిందనీ, ఆ స్కూటరు ఇప్పుడు సింగపూరులో సుఖంగా ఉందనీ చెప్పాను. హ్యాండిలుకి టిఫిను డబ్బా కూడా తగిలించాను. పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగేసరికి సూత్రం కూడా అందులో కొట్టుకుపోయిందని నాకు అప్పుడు తెలియలేదు.

కొండపల్లి

బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో కరెంటు పోయింది. “సాయంత్రం దాకా రాదండీ, మా ఖాలా వాళ్ళింటికి వెళ్దాం రండి” అని షాహీన్ నన్ను కొండపల్లి బస్సెక్కించింది. ఖాలా అంటే వాళ్ళ అమ్మ చెల్లెలు. ఆవిడ భర్తకి అక్కడి థర్మల్ స్టేషన్లో పని. దూరం నుంచి ఆ గొట్టాల పొగ చూసి, మబ్బులన్నీ ఇక్కడే తయారుచేసి మా విశాఖకి పంపుతారు కాబోలు అన్నాను. షాహీన్ నవ్వలేదు.

“మేడమ్, ఒకటి అడుగుతాను, కథలు చెప్పకుండా చెప్పండి. ఇది శుక్రవారానికి పనిచేస్తుందా?”

“ఎందుకంత భయం?”

“బాసు చెప్పేశారండీ. సంఘంవాళ్ళకి నచ్చితే చుట్టుపక్కల ఊళ్ళ సంఘాల పని కూడా మాకే ఇప్పిస్తారట. నచ్చకపోతే ఇక్కడి ఆఫీసు మూసేసి అందర్నీ హైదరాబాద్ రమ్మంటారు. వాళ్ళంతా కుర్రాళ్ళు, సంచి సర్దుకుని పోతారు. మా ఆయనకి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డుంది. షెడ్డుని సంచిలో పెట్టుకుని పోలేం కదండీ. నేను ఉద్యోగం మానెయ్యాలి, అంతే. పన్నెండేళ్ళు కష్టపడి ఇక్కడిదాకా వచ్చాను.”

నాకు నోటికొచ్చిన కథ ఏదీ ఆ సమయానికి సరిపోయేలా కనపడలేదు. “పనిచేస్తుంది” అన్నాను. నా జీవితంలో ఇంత చిన్న జవాబు ఎప్పుడూ చెప్పలేదు.

ఖాలా ఇంట్లో భోజనం పెట్టే పద్ధతి వేరు. మా ఇళ్ళలో ‘ఇంకొంచెం వెయ్యమంటారా’ అని అడుగుతారు. ఆవిడ అడగదు. నేను తల తిప్పి గోడ మీది గడియారం చూసేలోపు కంచంలో మరో గరిటె బిరియానీ, దాని మీద దాల్చా ఉండేవి.

“మేడమ్‌గారూ, మీరు కబుర్లు చెబుతూ ఉండండి, చెయ్యి మాత్రం ఆపకండి” అంది. “మా షాహీన్ చెప్పింది, మీ స్కూటరు సింగపూరు పోయిందట?”

“నాది కాదండీ, మేనేజరుగారిది.”

“పోన్లెండి, మంచి ఊరే.”

భోజనం అయ్యాక బొమ్మల వీధికి వెళ్ళాం. తెల్లపొణికి కర్రతో తల వేరే, చేతులు వేరే చెక్కి, అతికించి రంగులేస్తారు. అంబారీ ఏనుగుకి ఆరువందలు చెప్పారు. నేను మూడువందలు అన్నాను. కొట్టాయన ఏనుగు మీది రాజుని చూపించి, “ఈయన దిగిపోతానంటే ఆ రేటుకి ఇస్తానమ్మా” అన్నాడు. రాజుగారిని దింపడం ఇష్టంలేక అయిదువందల యాభైకి ఇద్దర్నీ తెచ్చుకున్నాను. సంచిలో ఎక్కడో ఒరుసుకుని రాజుగారి చెయ్యి ఊడింది. ఏనుగు క్షేమం.

మంగళగిరి, కొండ మీద

శుక్రవారం పొద్దున్నే జట్టంతా ఒక వ్యానులో వారధి దాటి మంగళగిరి చేరాం. చూపించబోయే ముందు స్వామి దర్శనం చేసుకోవాలని కుర్రాళ్ళు పట్టుబట్టారు. మెట్లెక్కి పైకి వెళ్ళాక నాకు నచ్చిన ఆచారం కనపడింది. ఇక్కడ నరసింహస్వామికి బెల్లం పానకం నైవేద్యం. పూజారి శంఖంతో స్వామి నోట్లో పోస్తుంటే గుటకలు వేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఎంత బిందె తెచ్చినా సగం తాగి ఆపేస్తాడట, మిగతా సగం మనకి ప్రసాదం. మీకు చెబితే నేను కల్పించానంటారు. ఊరంతా సాక్ష్యం ఉంది, వెళ్ళి అడిగి చూసుకోండి. అంత పానకం కారే చోట ఒక్క చీమ కూడా ఉండదంటారు. నేను వెతికాను. నాకైతే కనపడలేదు.

షాహీన్ కింద మెట్ల దగ్గర నీడలో కూర్చుని లాప్‌టాప్‌లో అన్నీ మళ్ళీ చూసుకుంటోంది. సుధీర్ ఆమెకి చల్లని సోడా పట్టుకొచ్చి ఇచ్చాడు. ఏదో చెప్పబోయి, మళ్ళీ ఊరుకున్నాడు. దేవుడి దగ్గర మొక్కుకున్నది పైకి చెప్పకూడదనుకున్నాడేమో అనుకున్నాను.

మంగళగిరి, కొండ కింద

సంఘం ఆఫీసు హాల్లో ఒక పక్క బీరువాల నిండా చీరలు, ఇంకో పక్క ఫ్యాన్ల కింద మా కుర్చీలు. గోడ మీద తెల్ల తెర. ప్రెసిడెంటు మల్లేశ్వరరావుగారు తెల్ల పంచె, భుజాన కండువా, చేతిలో మజ్జిగ గ్లాసుతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆ ఊళ్ళో ఆయన్ని ‘గారు’ లేకుండా పిలిచినవాళ్ళు లేరు. ఆయన భార్య కూడా ‘ప్రెసిడెంటుగారు భోంచేశారా’ అనే అంటుందట. (ఇది నేను కల్పించలేదు, వ్యాను డ్రైవరు కల్పించి ఉండొచ్చు.)

షాహీన్ మొదలుపెట్టింది. తెర మీద పైన ‘ప్రెసిడెంటు: మల్లేశ్వరరావు గారు’ అని వచ్చింది. ఆయన కండువా సర్దుకున్నారు. కింద నేతగాళ్ళ పేర్లు, అందరికీ గారు. ఇచ్చిన నూలు, వచ్చిన చీరలు, లెక్కలన్నీ చక్కగా కూర్చున్నాయి. ఆయన తల ఊపుతూనే ఉన్నారు. షాహీన్ మొహంలో మొదటిసారి కాస్త వెలుగు చూశాను.

“బాగుందమ్మా” అన్నారాయన. “ఒక్క సంగతి. ఇప్పుడు ఫోన్లో కొనేవాళ్ళంతా జాకెట్టు ముక్క ఉందా లేదా అని అడుగుతున్నారు. అది కూడా చూపిస్తుందా?”

అక్కడ నోరు మూసుకుని కూర్చోవాల్సిన మనిషిని నేను. లేచాను.

“దానికేం భాగ్యమండీ! మీ చేతిలో మజ్జిగ అయ్యేలోపు వస్తుంది చూడండి.”

సుధీర్ దగ్గాడు. నేను చీర డబ్బాలో ‘జాకెట్టు ముక్క’ అని చేర్చాను. వాడు మళ్ళీ దగ్గాడు, ఈసారి కళ్ళు కూడా పెద్దవి చేశాడు. పాపం పొద్దుటి పానకం గొంతులో పట్టేసిందేమోనని నా మంచినీళ్ళ గ్లాసు వాడి ముందుకి జరిపాను. బటను నొక్కాను. ‘చేత్తో చేసిన మార్పులు పోతాయి, సరేనా?’ అని పనిముట్టు అడిగింది. లోకంలో అలాంటి ప్రశ్నని చదివి జవాబిచ్చినవాళ్ళెవరూ నాకు తెలియదు. ‘సరే’ నొక్కాను.

తెర ఒకసారి ఆరి వెలిగింది. జాకెట్టు ముక్క వచ్చింది. పైన మాత్రం, ‘ప్రెసిడెంటు: మల్లేశ్వరరావు’.

బోడిగా, అంతే.

ఆయన మజ్జిగ గ్లాసు కిందపెట్టారు. “నా పేరు వెనకాల ఉండాల్సింది ఏదమ్మా?”

ఆయనదే కాదు, అందరిదీ పోయింది. అంతకంటే పెద్ద ముప్పు కింద ఉంది. వీరాంజనేయులు అనే నేతగాడి ఎదురుగా నూలు లెక్క తెర పట్టనంత పెరిగిపోయి కనిపిస్తోంది.

“ఇంత నూలా!” అన్నారు ప్రెసిడెంటుగారు. “ఇంత ఇచ్చి ఉంటే వీరాంజనేయులుగారు ఆ కొండకి చీర కట్టి, పైట కూడా వేసేవారు గదా!”

వెనక కూర్చున్న సంఘం సభ్యులు నవ్వారు. షాహీన్ నవ్వలేదు. ఆమె నన్ను చూడలేదు కూడా. నేరుగా సుధీర్ వైపు తిరిగింది.

“ఏం చేశావ్?”

వాడు లేచి నిలబడ్డాడు. “చేత్తో దిద్దాను మేడమ్. మంగళవారం నాడే. నూలు ఊరికే ఇవ్వరండీ వీళ్ళు, ఒక పడుగుకి, అంటే మగ్గం మీద పరిచే నిలువు దారాలకి, సరిపడా ఇస్తారు. ఆ పడుగు మీద నాలుగైదు చీరలు దిగుతాయి. నేసినవి నేసినట్టు ఒక్కొక్కటే కోసి తెచ్చిస్తారు. మన బొమ్మలో పడుగే లేదు. అందుకని ప్రతి చీరకీ మొత్తం నూలు మళ్ళీ ఇచ్చినట్టు లెక్కేస్తోంది. నాలుగు లైన్లు రాస్తే సరిపోయింది. గారు కూడా అలాగే తగిలించా. బొమ్మ దిద్దేకంటే అదే తొందరగా అవుతుందని...”

“చేత్తో దిద్దొద్దని మేడమ్ చెప్పారుగా?”

“చెప్పారండీ. కానీ... స్కూటరు సింగపూరు పోయిందని కూడా చెప్పారు.”

ఉన్నదున్నట్టు చెప్పిన ఒకే ఒక్క మాటని తీసుకెళ్ళి స్కూటరు వెనకసీట్లో కూర్చోబెట్టింది నేనే.

ప్రెసిడెంటుగారు నెమ్మదిగా అన్నారు, “మా స్వామే నయమమ్మా. సగం తాగి సగం తిరిగిస్తాడు. మీ బటను మొత్తం తాగేసింది.”

“ఆఫీసులో నిన్నటి కాపీ ఉంది మేడమ్” అన్నాడు సుధీర్ గబగబా. “ఫోన్ చేస్తే పంపిస్తారు. పాతది పెట్టేద్దాం.”

షాహీన్ తెర వైపు తిరిగింది. పాతది పెడితే ఈ పూటకి గండం గడుస్తుంది. జాకెట్టు ముక్క ఉండదు. రేపు ఇంకెవరో ఇంకేదో అడిగి బటను నొక్కితే మళ్ళీ ఇదే గతి. అదంతా ఆమె కళ్ళలో కనపడింది.

“వద్దు” అంది. “ప్రెసిడెంటుగారూ, మీరు భోజనం చేసి రండి. వచ్చేసరికి బొమ్మలోనే సరిచేసి చూపిస్తాం.”

“సరి కాకపోతే?”

“మీ ఇష్టమండీ. మా బాసుకి ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి.”

ఆయన లేచి వెళ్ళారు. మాకు పులిహోర పొట్లాలు వచ్చాయి, ఎవరూ విప్పలేదు. నేనొకటి విప్పాను. (నన్ను నేను మంచిదానిగా చూపించుకోవడానికి పోపు పెట్టొచ్చు, కానీ ఆకలేసింది.) షాహీన్ మౌసు పట్టుకుంది. సుధీర్ పక్కన నిలబడి చెబుతున్నాడు. నేతగాడికీ చీరకీ మధ్య కొత్త డబ్బా వచ్చింది, ‘పడుగు’ అని. నూలు గీత తెచ్చి పడుగుకి కలిపారు. పడుగు నుంచి చీరలకి గీతలు దిగాయి. గీస్తున్న కొద్దీ వాడి గొంతు మారింది.

“ఈ గీత ఇలా కాదు మేడమ్, తిప్పండి... ఆఁ, అదీ. అబ్బ, నాలుగు లైన్లలో కుక్కానండీ దీన్ని. ఇక్కడైతే చూడగానే తెలిసిపోతోంది.”

“మీ చెల్లెల్ని పిలవనా?” అన్నాను. ఈసారి పళ్ళు కనపడ్డాయి.

ప్రెసిడెంటుగారు తాంబూలం నములుతూ తిరిగొచ్చారు. షాహీన్ బటను నొక్కింది. వీరాంజనేయులుగారి నూలు మళ్ళీ మనుషులు నేసేంతకి దిగింది. జాకెట్టు ముక్క ఉంది. పైన ‘మల్లేశ్వరరావు గారు’.

ఆయన లెక్కలు ఒక్కొక్కటే వేలు పెట్టి చూశారు. తరవాత వెనక్కి వాలి, “మళ్ళీ నొక్కండి” అన్నారు.

“ఎందుకండీ?”

“ఇందాక నొక్కితేనే కదమ్మా పోయింది. పోయేదుంటే నా కళ్ళముందే పోవాలి.”

షాహీన్ జట్టు వైపు తిరిగింది. “ఎవరైనా చేత్తో ఏమైనా దిద్దారా? ఇప్పుడే చెప్పండి.”

అందరూ సుధీర్‌ని చూశారు. వాడు రెండు చేతులూ పైకెత్తాడు. నొక్కింది.

తెర ఆరింది. ఆ ఆరిన క్షణంలో ఫ్యాను చప్పుడు, బయట మగ్గం చప్పుడు కూడా వినిపించాయి. వెలిగింది. అన్నీ ఉన్నాయి. పడుగులు, చీరలు, ముక్కలు, గారు. షాహీన్ పక్కనున్న కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

అప్పుడు వెనక నుంచి ఒక సభ్యుడు, “ఏవండోయ్, కింద చూడండి” అన్నాడు.

ఇందాకా అంకెలే చూస్తూ ఎవరం పట్టించుకోలేదు గానీ, కింద వరసగా ఉంది. ‘నూలు గారు. పడుగు గారు. చీర గారు. గోడౌను గారు.’

తొందరలో ఏం చేశారంటే, గారుని మనుషుల డబ్బాకి తగిలించకుండా, అన్ని డబ్బాలకీ పేరు రాసిపెట్టే తల్లి డబ్బాకి తగిలించారు. పనిముట్టు ఎవరికీ పక్షపాతం చూపకుండా అందర్నీ గౌరవించింది.

“రెండు నిమిషాలండీ, నేను చేత్తో తీసే...” అంటూ సుధీర్ ముందుకొచ్చాడు.

“వద్దు!” అని హాలంతా అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది ప్రెసిడెంటుగారు.

తరవాత ఆయన నవ్వడం మొదలెట్టారు. కండువాతో కళ్ళు తుడుచుకుని, “ఉండనివ్వండమ్మా. ఇన్నేళ్ళుగా ఆ పడుగు వల్ల బతుకుతూ ఒక్కరోజన్నా గారు అన్నామా? మీ బాసుకి నేను ఫోన్ చేస్తాలే. మిగతా ఊళ్ళ సంఘాలవాళ్ళకీ చెబుతాను” అన్నారు.

షాహీన్ బయటికి వెళ్ళి ముందు ఫోన్ చేసింది బాసుకి కాదు, ఆటోనగర్‌కి. వాళ్ళాయన అటునుంచి ఏమన్నాడో వినపడలేదు, వెనక సుత్తి దెబ్బలు మాత్రం వినిపించాయి. “షెడ్డు కదలక్కర్లేదు” అని మాత్రం అంది.

తిరుగు రైలు

బయల్దేరేముందు సంఘం కొట్లో చీర కొన్నాను. నెమలికంఠం రంగు, సన్నని జరీ అంచు, పద్దెనిమిది వందలు. మా ఊరి షాపులో ఇదే చీరకి ఏసీ కరెంటు బిల్లు కూడా మనమే కట్టాలి. షాహీన్ స్టేషన్ దాకా వచ్చి ఒక బుట్ట చిన్న రసాలు చేతిలో పెట్టింది. “మేడమ్, ఈసారి వచ్చేటప్పుడు స్కూటరు మీద రాకండి” అంది. ఆమె వేసిన మొదటి జోకు. రైలు కదిలాక గానీ నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆమె అన్నప్పుడు నా నోట్లో మామిడిపండు ఉంది.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. క్రేను లేదు, స్కూటరు లేదు, ఒక్క చుక్క పోపు లేదు. మా ఆయన పేపరు మడిచి, “చీర గారా? ఇదేదో కొత్త కథలా ఉందే” అన్నారు. పక్కింటావిడ కూడా నమ్మలేదు. సంచిలోంచి సంఘంవాళ్ళు ఆ కొత్త ప్రోగ్రాంలోనే కొట్టిచ్చిన బిల్లు తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివారు. “చీర గారు, ఒకటి. జాకెట్టు ముక్క గారు, ఒకటి.”

తల ఎత్తి నన్నూ, నా చేతిలో చీరనీ మార్చి మార్చి చూశారు. ఆ తరవాత లేచి, కుర్చీలో ఉన్న తన తువ్వాలు తీసేసి, “కూర్చోబెట్టు మరి వారిని” అన్నారు.